ఏరు ఇంకా ఏరులాగే ఉందా? నడిచి చూసి లెక్కగట్టడం ఎలా

స్వర్ణముఖి ఎలా ఉంది అని తిరుపతిలో ఎవర్నడిగినా నీళ్ల గురించే చెప్తారు. నీళ్లు లేవు, ఉన్నా మురుగు, అంతటితో మాట అయిపోతుంది. నీళ్ల సంగతి ముఖ్యమే, కాదనను. కానీ ఏటికి నీళ్లతో పాటు ఒక ఒళ్లు కూడా ఉంటుంది. గట్లు, అడుగున ఇసుక, మలుపులు, మడుగులు, మేటలు, గట్టు మీద చెట్లు, వరదొస్తే నీళ్లు పరుచుకోవడానికి పక్కన పల్లం, ఇవన్నీ కలిస్తేనే ఏరు. ఆ ఒళ్లు పాడైపోతే రేపు కల్యాణి డ్యామ్ గేట్లెత్తి నిండా నీళ్లొదిలినా అవి అక్కడ ఇంకవు, ఆగవు, సర్రున కిందికి వెళ్లిపోతాయి.

మంచి విషయమేంటంటే, ఈ ఒంటిని పరీక్షించడానికి ల్యాబ్ అక్కర్లేదు. టేపు, ఫోను, నోట్‌బుక్, ఓపికగా నడిచే ఇద్దరు మనుషులు ఉంటే చాలు. కాలేజీ పిల్లలు చేయొచ్చు, రైతులు చేయొచ్చు, రిటైరైనవాళ్లు ఇంకా బాగా చేస్తారు, ఎందుకంటే వాళ్లకి పాత ఏరు గుర్తుంటుంది. స్వర్ణముఖికే కాదు, చిత్తూరులో నీవా నదికి, కాణిపాకం బాహుదాకి, నగరి వైపు కుశస్థలికి, మీ ఊరి వంకకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

దీనికి మూలం బ్రిటన్‌లో 1990లలో తయారైన రివర్ హాబిటాట్ సర్వే. 500 మీటర్ల నది ముక్కను తీసుకుని, 50 మీటర్లకు ఒకచోట చొప్పున 10 చోట్ల ఆగి, గట్లు ఎలా ఉన్నాయి, అడుగున ఏముంది, ఎవరేం కట్టారు అని రాసుకుంటారు. తర్వాత ఆ 500 మీటర్లను మొత్తంగా ఇంకోసారి చూస్తారు. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. వాళ్లు రెండు లెక్కలు విడివిడిగా వేస్తారు. ఆ ముక్కలో జీవాలకు పనికొచ్చే వైవిధ్యం ఎంతుందనేది ఒకటి, మనిషి చేతి మార్పులు ఎన్ని అనేది రెండోది. ఈ రెండూ కలిపి ఒకే మార్కు వేస్తే నిజం దాక్కుంటుంది. గట్టు మీద మంచి చెట్లున్నాయి కాబట్టి అడుగున ఇసుకంతా తోడేసినా సరాసరి మార్కు బాగానే కనబడుతుంది. కాబట్టి మనం కూడా రెండు లెక్కలే రాద్దాం.

అక్కడి నదులు చాలామటుకు ఏడాది పొడుగునా పారేవి. మనవి ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉంటాయి. అందుకని ఉన్నదున్నట్టు దించుకోకుండా కొంచెం మార్చుకోవాలి. ఎండిన ఏట్లో సర్వే ఏంటి అనుకోకండి, నీళ్లు లేనప్పుడే ఏటి అడుగు మొత్తం కళ్లముందు పరిచి ఉంటుంది. నిండుగా పారే నదిలో ఆ అడుగును చూసే అదృష్టమే ఉండదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. సహజంగా ఉండటం వేరు, శుభ్రంగా ఉండటం వేరు. రెండు పక్కలా తెల్లగా కాంక్రీటు గోడ కట్టి, అడుగు చదును చేసి, లైట్లు పెట్టిన కాలువ కంటికి ఇంపుగా ఉంటుంది, మన లెక్కలో దానికి దాదాపు ఏమీ రాదు. గట్టు సగం విరిగి, వేర్లు బయటికి వేలాడుతూ, పడిపోయిన కానుగ చెట్టు ఏటికి అడ్డంగా పడి, దాని వెనక చిన్న మడుగు కట్టి ఉంటే, చూసేవాళ్లకి ఛండాలంగా అనిపించొచ్చు, కానీ ఏరు బతికి ఉండటమంటే అదే. ఈ చూపు అలవాటు కావడానికే కొంచెం టైమ్ పడుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

మన వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అవి తగ్గాక, జనవరి చివర నుంచి మార్చి లోపు సర్వేకి సరైన సమయం. నీళ్లు దిగిపోయి ఉంటాయి, వరద గుర్తులు ఇంకా చెరిగిపోవు, ఎండ తలకి ఎక్కదు. ఏప్రిల్, మే నెలల్లో ఇసుకలో మధ్యాహ్నం నడవడం ఆరోగ్యానికి మంచిది కాదు, పొద్దున 9 లోపు ముగించగలిగితేనే పెట్టుకోండి. వానాకాలంలో ఒకసారి వంతెన మీద నుంచి మాత్రం చూడండి, నీళ్లు ఎంత వెడల్పున పారుతున్నాయో ఫోటో తీసుకోండి. ఏట్లోకి దిగొద్దు.

బయల్దేరే ముందు ఇంట్లో చేయాల్సింది

ఈ పని చాలామంది వదిలేస్తారు, కానీ సగం సమాచారం ఇక్కడే దొరుకుతుంది. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకుని మీ ఏటి ముక్క దగ్గరికి వెళ్లండి. పైన గడియారం బొమ్మ ఉంటుంది, అది నొక్కితే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వస్తాయి. ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే కొత్తది పక్కపక్కన పెట్టి చూడండి. ఏరు వెడల్పు తగ్గిందా, మలుపు సాఫైపోయిందా, ఇసుక మేటలున్న చోట గుంటలు కనబడుతున్నాయా, గట్టు మీద పొలం ఉన్న చోట ప్లాట్లు పడ్డాయా. ఒకే చోట వెడల్పు కొలిచే స్కేలు కూడా అందులోనే ఉంటుంది, రెండు సంవత్సరాలకీ కొలిచి రాసుకోండి.

రెండోది రెవెన్యూ రికార్డు. మన జిల్లాల్లో ఏరు, వంక, కాలువ అన్నిటికీ సర్వే నంబర్లుంటాయి, రికార్డులో ఏరు పోరంబోకు, వంక పోరంబోకు, కాలువ పోరంబోకు అని ఉంటుంది. మీభూమి వెబ్‌సైట్లో గ్రామ పటం, ఎఫ్ఎంబీ (ఒక్కో సర్వే నంబరు హద్దుల కొలతలుండే పటం) చూడొచ్చు, దొరక్కపోతే గ్రామ సర్వేయర్‌ని అడగండి. ఎఫ్ఎంబీలో ఆ పోరంబోకు కొలతలు ఉంటాయి. కాగితం మీద ఉన్న వెడల్పు, మీరు టేపు పెట్టి కొలిచిన వెడల్పు, ఈ రెండు అంకెలు పక్కపక్కన ఉంటే ఆ తర్వాత ఎవరితోనూ ఎక్కువ వాదించాల్సిన పనుండదు.

ఇక ఏ ముక్కను ఎంచుకోవాలి? మనకి కోపం తెప్పించిన చోటికే వెళ్లాలనిపిస్తుంది, అది సహజం. కానీ చెడిపోయిన చోటు ఒక్కటే కొలిస్తే ఎంత చెడిందో చెప్పడానికి పోలిక ఉండదు. కనీసం మూడు ముక్కలు తీసుకోండి. స్వర్ణముఖి అయితే ఎగువన చంద్రగిరి వైపు ఒకటి, ఊరిని ఆనుకుని తిరుచానూరు పరిసరాల్లో ఒకటి, దిగువన శ్రీకాళహస్తి వైపు ఒకటి. సముద్రం దాకా సుమారు 130 కిలోమీటర్ల ఏరు ఇది, మొత్తం నడవలేం, కానీ ఈ మూడు ముక్కలతో ఒక బొమ్మ వస్తుంది. తొండవాడ దగ్గర అగస్త్యేశ్వర స్వామి గుడి ఉంది చూడండి, భీమా, కల్యాణి వచ్చి స్వర్ణముఖిలో కలిసేది అక్కడే. అలాంటి సంగమం ఉన్న ముక్క దొరికితే వదలకండి. రెండు ఏర్ల మట్టి, రాళ్లు కలిసే చోట అడుగు రకరకాలుగా ఉంటుంది, చూపు అలవాటు చేసుకోవడానికి మంచి బడి అది.

వెంట తీసుకెళ్లేవి, జాగ్రత్తలు

30 మీటర్ల టేపు, అడుగులు గుర్తుపెట్టిన ఒక పొడుగాటి కర్ర, చిన్న స్కేలు, లొకేషన్ ఆన్ చేసిన ఫోను, పెన్సిలు, నీళ్లు, మడమలు కప్పే బూట్లు. అంతే.

ఒంటరిగా వెళ్లొద్దు. ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. ఇసుక తీసిన గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటే లోతు తెలీదు, అంచు కాలి కింద జారిపోతుంది, ఈత వచ్చినా దగ్గరికి పోవద్దు. రెల్లు, జమ్ము గుబురుల్లో కాలు పెట్టేముందు కర్రతో కదిలించండి, పాములుంటాయి. ఎగువన డ్యామ్ ఉన్న ఏటికి వానల రోజుల్లో అసలే దిగొద్దు. ఇసుక ట్రాక్టర్లు, లారీలు పనిలో ఉంటే ఆ రోజుకి వెనక్కి వచ్చేయండి, అక్కడ నిలబడి వీడియో తీయడం, వాదన పెట్టుకోవడం చేయొద్దు. 2017 ఏప్రిల్లో స్వర్ణముఖి ఇసుక తవ్వకాల మీద మొరపెట్టుకోవడానికి ఏర్పేడు పోలీస్ స్టేషన్ దగ్గరికి వచ్చిన మునగలపాళెం రైతుల మీదికి లారీ దూసుకెళ్లి పదిమందికి పైగా చనిపోయారు. ఏటి గురించి మాట్లాడటం మన దగ్గర తేలికైన విషయం కాదు, అందుకే మీ ప్రాణం ముందు, సర్వే తర్వాత.

ఏట్లోకి దిగాక

ముందు ఒకటి ఖాయం చేసుకోండి. నీళ్లు పోయే వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు, కుడి చేతి వైపుది కుడి గట్టు. మీరు ఎటు నడుస్తున్నా ఇదే లెక్క. ఇద్దరు రాసేటప్పుడు ఇది తారుమారైతే నోట్‌బుక్ మొత్తం పనికిరాకుండా పోతుంది.

మొదటి చోట లొకేషన్ సేవ్ చేసుకుని నాలుగు ఫోటోలు తీయండి: ఎగువకి, దిగువకి, ఎడమ గట్టుకి, కుడి గట్టుకి. తర్వాత వెడల్పు. ఎండిన ఏట్లో ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలన్నదే పెద్ద ప్రశ్న, ఎందుకంటే నీళ్ల అంచు ఉండదు కదా. గట్టు నిటారుగా దిగి, పైన చదునైన నేల మొదలయ్యే మలుపు దగ్గర టేపు పెట్టండి, ఏరు నిండుగా పారితే అక్కడిదాకా వస్తుంది. అది స్పష్టంగా లేకపోతే కంప చెట్ల కొమ్మల్లోకి చూడండి. వరదకి కొట్టుకొచ్చిన ఎండుగడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ కవర్లు ఒకే ఎత్తులో చిక్కుకుని వరుసగా కనబడతాయి, అన్ని కొమ్మల మీదా ఏరు పారిన వైపుకే వాలి ఉంటాయి. ఆ చెత్త వరుసే మొన్నటి వరద గీసిన గీత. దాని ఎత్తు కర్రతో కొలిచి రాసుకోండి. 2021 నవంబర్ వరద లాంటిది వచ్చినప్పుడు ఈ గీత ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు, అది కూడా రాయండి.

తర్వాత గట్లు, ఒక్కోదాన్ని విడిగా. మట్టి గట్టా, రాయా, గట్టు వాలు మీద రాళ్లు పరిచి కప్పిన రివిట్‌మెంటా, కాంక్రీటు గోడా, వైరు వల్లో రాళ్లు నింపి పేర్చిన గేబియనా? వాలు సహజంగా ఉందా, జేసీబీతో ఒకే వాలుగా చెక్కినట్టుందా? సహజమైన గట్టు ఎక్కడా ఒకే తీరుగా ఉండదు, మలుపుకి బయటి వైపు నిటారుగా కోసుకుపోయి ఉంటుంది, లోపలి వైపు మెల్లగా దిగి మేటలో కలుస్తుంది. నిటారుగా ఉన్న మట్టి గట్టులో పిడికిలి పట్టేంత బొరియలు కనబడితే ఆగి చూడండి, లకుముకి పిట్టలు గూళ్లు పెట్టుకునేది అలాంటి గోడల్లోనే. గట్టు కోసుకుపోవడాన్ని చూడగానే నష్టం అనుకుంటాం, కొంతవరకు అది ఏటి మామూలు పనే. కానీ రెండు గట్లూ ఒకేసారి, మలుపు లేని చోట కూడా విరిగి పడుతుంటే అది వేరే సంగతి. అడుగు లోతుగా దిగిపోయిందని అర్థం, కింద ఆధారం పోయి గట్టు కూలుతోంది. 2021 వరదలో తిరుచానూరు వైపు ఏటి అంచునున్న ఒక ఇల్లు అలాగే నీళ్లలోకి ఒరిగిపోయిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఆ వరద ఎంత పెద్దదైనా, అంచుదాకా కట్టుకుపోతే ఏటికి పక్కకి జరిగే చోటు ఉండదు.

గట్టు పైన 5 మీటర్ల లోపు ఏముందో కూడా రాయండి: పొలమా, తోటా, రోడ్డా, వెంచరా, చెత్తకుప్పా. చెట్లయితే ఏ చెట్లు. ఏరుమద్ది, నేరేడు, కానుగ, వావిలి, మొగలి పొదలు ఉంటే ఆ గట్టు చాలాకాలంగా కదలకుండా ఉందని నమ్మొచ్చు. మొత్తం సర్కారు తుమ్మే అయితే, పచ్చగా ఉంది కదా అని సంబరపడకండి, గట్టును ఎప్పుడో గెలికి వదిలేస్తే ముందు మొలిచేది అదే. నీళ్లు నిలిచిన చోట గుర్రపు డెక్క పరుచుకుని ఉంటే పైనుంచి మురుగు కలుస్తోందని రాసుకోండి.

అడుగు: ఇక్కడ మాత్రం తొందరపడొద్దు

నా లెక్కలో మన ఏర్లకి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పైన చెప్పిన గట్ల పని ఐదు నిమిషాల్లో అయిపోతే, అడుగుకి పది నిమిషాలు పెట్టండి.

ముందు అడుగున ఏముందో పేరు పెట్టండి. 256 మిల్లీమీటర్ల కంటే పెద్దవి బండలు, 64 నుంచి 256 దాకా గుండ్రాళ్లు, 2 నుంచి 64 దాకా గులకరాళ్లు, 2 మిల్లీమీటర్ల లోపు ఇసుక, వేళ్ల మధ్య రుద్దితే పిండిలా ఉండేది ఒండ్రు, ఉండ చేస్తే నిలబడేది బంకమన్ను. ఈ కొలతలు ప్రపంచమంతా వాడేవే. శేషాచలం కొండల కిందున్న వంకల్లో బండలు, గుండ్రాళ్లు ఉంటాయి, మైదానంలోకి వచ్చాక ఇసుక పెరుగుతుంది. మైదానంలో ఇసుక ఉండాల్సిన చోట గట్టి బంకమన్ను, లేదా పుచ్చిన రాయి బయటపడి ఉంటే, పైన ఉండాల్సిన ఇసుక పోయిందని అర్థం.

సహజమైన మేటను దగ్గరగా చూడండి. ఎగువ కొనలో గులకరాళ్లు, దిగువ తోకలో సన్నని ఇసుక ఉంటుంది, మేట అంచు మెత్తగా దిగుతుంది, పైన గాలికో నీళ్లకో ఏర్పడిన అలల చారలుంటాయి. మేటలో మోచేతి దాకా చేత్తో తవ్వండి. ఒక పొర ముతక, ఒక పొర సన్నం, మళ్లీ ముతక, ఇలా కనబడితే ఒక్కో పొర ఒక్కో వరద తెచ్చి పరిచింది. వేసవి మొదట్లో కూడా ఆ గుంత అడుగున ఇసుక చల్లగా, తడిగా తగిలితే ఆ ఏరు ఇంకా నీళ్లు దాచుకుంటోందన్నమాట. వెనకటికి మనవైపు ఏటి ఇసుకలోంచి ఊటకాలువలు తీసి పొలాలకు పారించుకున్నది ఈ దాచుకున్న నీళ్లనే.

తవ్విన చోటు ఇలా ఉండదు. గుంట గోడలు నిటారుగా ఉంటాయి, అడుగు చదునుగా ఉంటుంది, బకెట్ పళ్ల గీతలు, టైర్ల జాడలు ఉంటాయి, పక్కన జల్లెడ పట్టగా మిగిలిన రాళ్ల కుప్పలుంటాయి. ఒక వరద వచ్చిపోతే పైపైన ఈ గుర్తులు కప్పేసుకుపోతాయి, అప్పుడు కూడా చేత్తో తవ్వండి. పైన నాలుగు వేళ్ల ఇసుక, దాని కింద నల్లటి బురద తగిలితే అది నిండిపోయిన గుంట.

అడుగు ఎంత దిగిపోయిందో చెప్పే సాక్షులు ఏట్లోనే నిలబడి ఉంటాయి. ఒకటి, తాగునీటి కోసం ఏట్లో దించిన ఒరల బావి. దించినప్పుడు దాని మూతి ఇసుక మట్టానికి కాస్త పైన ఉంటుంది. ఇప్పుడు రెండు, మూడు సిమెంటు ఒరలు గాల్లో నిలబడి, ఒకదానికి ఒకటి అతికిన కీలు కూడా కనబడుతుంటే, ఎన్ని ఒరలు బయటపడ్డాయో లెక్కబెట్టి, ఒక ఒర ఎత్తు కొలిచి గుణించండి. అన్నేళ్లలో ఏరు దిగిన లోతు ఉజ్జాయింపుగా వచ్చేసింది. రెండు, వంతెన స్తంభాలు. ఇసుకలో కప్పబడి ఉన్న భాగం, ఎండకి మాగిన భాగం రంగులో తేడాగా ఉంటాయి, ఆ గీత నుంచి ఇప్పటి ఇసుక దాకా కొలవండి, పునాది బయటపడి ఉంటే ఫోటో తప్పనిసరి. మూడు, ఏటికి అడ్డంగా పూడ్చిన పైపులైను బయటపడి వేలాడుతుంటే అది కూడా సాక్ష్యమే. గట్టు మీద చెట్ల వేర్లు ఒకే ఎత్తు నుంచి గాల్లోకి వేలాడటం ఇంకోటి. వీటిలో ఏ ఒక్కటో చూసి తీర్పు చెప్పకండి, ఒరలు ఎక్కువ ఎత్తు ఉంచే కట్టి ఉండొచ్చు. రెండు సాక్ష్యాలు ఒకే మాట చెప్తే అప్పుడు రాయండి.

ఇంత చేశాక 50 మీటర్లు ముందుకు నడిచి మళ్లీ అదే పని. సరిగ్గా చెక్ డ్యామ్ మీదో, చెత్తకుప్పలోనో 50 మీటర్లు వచ్చి పడితే అక్కడే ఆగండి, నచ్చిన చోటికి పది అడుగులు జరగడం మొదలుపెడితే సర్వే మన ఇష్టానికి తగ్గట్టు మారిపోతుంది.

500 మీటర్లు అయ్యాక వెనక్కి తిరిగి

ఆగిన చోట్ల మధ్యలో ఉన్నవి తప్పిపోతాయి కాబట్టి తిరుగు నడకలో అన్నీ లెక్కబెట్టండి. మనిషివి: చెక్ డ్యామ్‌లు, కాజ్‌వేలు, వంతెనలు, మురుగు పైపులు, మోటార్లు, చెత్త పోసిన చోట్లు, మట్టి కట్టలు, స్లాబు వేసి మూసేసిన భాగం ఎన్ని మీటర్లో. ఏటివి: మడుగులు, ఇసుక మేటలు, ఏటి మధ్య లంకలు, గులకరాళ్ల పరుపులు, కోసుకుపోయిన నిటారు గట్లు, పడిపోయిన చెట్లు, బయటికొచ్చిన వేర్లు, పక్క పాయలు, వచ్చి కలిసే వంకలు, గట్టు మీద తెగకుండా సాగే చెట్ల వరుస, రెల్లు తుంగ పెరిగిన తడి అంచులు, వరద పరుచుకోవడానికి ఖాళీగా మిగిలిన పల్లం. ఇవి 12.

చెక్ డ్యామ్ గురించి గొడవ వస్తుంది, ముందే చెప్తాను. దానివల్ల చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పెరుగుతాయి, రైతుకి అది ప్రాణం. అయినా మన లెక్కలో అది మార్పే, ఎందుకంటే పైనుంచి వచ్చే ఇసుకని అక్కడే ఆపేస్తుంది, చేపలు పైకి ఎక్కలేవు, దిగువన అడుగు కోసుకుపోతుంది. మార్పు అని రాయడం అంటే కూల్చమని కాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం, మంచిచెడ్డలు ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి.

మార్కులు వేయడం

ఇది నేను వాడే తేలిక లెక్క. మార్పుల లెక్కలో, ఆగిన ప్రతి చోటా ఎడమ గట్టుకి, కుడి గట్టుకి, అడుగుకి విడివిడిగా 0, 1 లేదా 2. ఏమీ మార్చకపోతే 0. మట్టి కట్ట పోసినా, వాలు చెక్కినా, అడుగులో అక్కడక్కడ తవ్వినా 1. కాంక్రీటు, రివిట్‌మెంటు, గేబియన్ అయినా, అడుగు బంకమన్ను దాకా పోయినా, సిమెంటు చేసినా 2. 10 చోట్లకి గరిష్ఠం 60. దానికి ప్రతి చెక్ డ్యామ్‌కి, కాజ్‌వేకి 3, ఏట్లో స్తంభాలున్న వంతెనకి 2, మురుగు పైపుకి 1, మూసేసిన ప్రతి 10 మీటర్లకి 2 కలపండి.

ఒక ముక్కని ఊహించుకుందాం. ఎడమ గట్టున 4 చోట్ల రివిట్‌మెంటు, అంటే 8. కుడి గట్టున 3 చోట్ల మట్టి కట్ట, 3. అడుగున 5 చోట్ల అక్కడక్కడ గుంటలు, 5, ఇంకో 2 చోట్ల బంకమన్ను బయటపడింది, 4. మొత్తం 20. ఒక చెక్ డ్యామ్, ఒక వంతెన, మూడు మురుగు పైపులు, ఇంకో 8. మొత్తం 28. యూరప్‌లో వాడే 5 తరగతుల పద్ధతిలాగే నేనూ విడగొడతాను: 5 లోపు దాదాపు సహజం, 15 దాకా కొద్దిగా మారింది, 30 దాకా ఒక మోస్తరుగా, 45 దాకా బాగా, ఆపైన తీవ్రంగా. మన ముక్క మూడో తరగతి. కానీ 28 అని ఒక్క అంకె రాసి ఊరుకోకండి, ఎడమ 8, కుడి 3, అడుగు 9, కట్టడాలు 8 అని విడగొట్టి రాయండి. వైద్యం దేనికి చేయాలో అప్పుడే తెలుస్తుంది.

సహజత్వం లెక్క ఇంకా తేలిక. పైన చెప్పిన 12లో ఒక్కచోట కనబడితే 1, చాలాచోట్ల కనబడితే 2, గరిష్ఠం 24. ఎగువ ముక్కకి 18 వచ్చి ఊరి పక్క ముక్కకి 6 వస్తే, ఆ తేడా ఎందుకొచ్చిందన్నదే మీ రిపోర్టు. అయితే కొండ కింద వంకని, మైదానంలో ఏటిని ఇలా పోల్చొద్దు. వంకలో లంకలు ఉండవు, మైదానంలో బండలు ఉండవు, అవి లేకపోవడం ఎవరి తప్పూ కాదు.

కాలువలకి వేరే కొలత

తవ్విన కాలువకి సహజత్వం మార్కులు వేయడంలో అర్థం లేదు. యూరప్‌లో 2000లో వచ్చిన నీటి చట్టం కూడా మనిషి తవ్విన కాలువలని విడిగా ఉంచి, సహజ నదితో పోల్చకుండా, ఉన్న పనికి ఆటంకం లేకుండా ఎంత బాగా ఉండగలదో చూడమంటుంది.

కండలేరు నుంచి పూండికి వెళ్లే తెలుగుగంగ కాలువ చెన్నైకి తాగునీరు మోసేది. మొదట్లో గట్లు కోసుకుపోయి నీళ్లు సరిగా చేరకపోతే, తర్వాత సత్యసాయి ట్రస్టు ఖర్చుతో లైనింగ్ చేశారు. అలాంటి కాలువలో చూడాల్సింది లైనింగ్ పగుళ్లు, జారిపోయిన పలకలు, పగుళ్లలో మొలిచిన చెట్లు, గట్టు బయటి వైపు ఎండాకాలంలో కూడా పచ్చగా తడిగా ఉన్న చోట్లు (అక్కడ నీళ్లు కారుతున్నాయి), అడుగున పేరుకున్న పూడిక. గట్టు మీద నుంచే చూడండి, వాలు లైనింగ్ మీదికి దిగితే తిరిగి ఎక్కడం కష్టం.

చెరువుకి నీళ్లు తెచ్చే సప్లై ఛానల్ వేరే. అక్కడ మూడు ప్రశ్నలు చాలు. ఎఫ్ఎంబీలో ఉన్న వెడల్పు నేల మీద ఉందా? మొదలు నుంచి చెరువు దాకా ఎక్కడా తెగకుండా, పూడకుండా ఉందా? చెరువు నిండాక మొరవ పోయే దారి ఖాళీగా ఉందా? మూడోది ఎవరూ చూడరు, వరదొచ్చినప్పుడు కట్ట మీదికి ప్రమాదం తెచ్చేది మాత్రం అదే. మొరవ దారిలో ఏ కట్టడం ఉన్నా ఫోటో, లొకేషన్, కొలత మూడూ రాయండి.

ఊళ్లోకి వచ్చే వంకలు కాలువల్లా కనబడతాయి గానీ కాదు. కపిలతీర్థం దగ్గర మాల్వాడి గుండం మీదుగా దూకే నీళ్లు, శేషాచలం నుంచి దిగే మిగతా వంకలు, ఇవన్నీ ఊరి కంటే పాతవి. ఊళ్లోకి రాగానే వాటిని డ్రైన్ అని పిలిచినా సరే, ఏటి లెక్కతోనే కొలవండి, మూసేసిన మీటర్లు తప్పకుండా కలపండి.

రాసింది ఏం చేయాలి

ఒక్కో ముక్కకి ఒక పేజీ చాలు: పటం, రెండు లెక్కలు, నాలుగు ఫోటోలు, పాత ఉపగ్రహ చిత్రం పక్కన కొత్తది. గ్రామసభలో పెట్టండి. ఆక్రమణో, అక్రమ తవ్వకమో కనబడితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సర్వే నంబరుతో సహా అర్జీ ఇవ్వండి, 2002 నాటి వాల్టా చట్టం పేరు రాయండి, నీరు, భూమి, చెట్ల రక్షణకి రాష్ట్రంలో ఉన్న చట్టం అది. రసీదు తీసుకోవడం మర్చిపోకండి. అనుమతులు ఎంతవరకు ఇచ్చారో తెలియాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. అర్జీలో మనుషుల పేర్లు, ఊహలు వద్దు, కొలతలు మాత్రమే రాయండి.

ఫోటోలకి పేర్లు పెట్టేటప్పుడు ముక్క పేరు, చోటు నంబరు, వైపు, తేదీ ఈ వరుసలో పెట్టండి, మళ్లీ ఏడాది వానల తర్వాత అదే లొకేషన్లో, అదే వైపుకి తిరిగి తీసిన ఫోటో దాని పక్కనే వచ్చి కూర్చుంటుంది. ఫోన్లో ఒక కాపీ, ఊళ్లో ఇంకొకరి దగ్గర ఒక కాపీ ఉంచండి.